వెంబడించడానికి అయ్యే వెల ఎవరు చెల్లించాలి?

సహోదరీ,

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా తిరిగి చెబుతాను. ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. మీరు బాప్తిస్మం తీసుకొని ఏడాదిన్నర అయింది. మీ భర్త విశ్వాసి కారు, అయితే మిమ్మల్ని అడ్డుకోవడమూ లేదు. ఆఫీసులో చేయని తనిఖీలను చేసినట్టు నివేదికలో రాయమన్నప్పుడు మీరు రాయలేదు. అప్పటినుంచి ముఖ్యమైన పనులు మీ దాకా రావడం మానేశాయి, జీతాల పెంపు జాబితాలో మీ పేరు లేకుండా పోయింది. "నీ నమ్మకానికి ఇంటిల్లిపాదీ ఎందుకు చెల్లించాలి?" అని మీ భర్త అడిగారు. సంఘ పెద్దలు వారానికి నాలుగు సాయంత్రాలు కూటాలకు రమ్మంటున్నారు. దానివల్ల భర్తకు కలిగే చిరాకే మీ సిలువ అనీ, దాన్ని సంతోషంగా మోయమనీ చెబుతున్నారు. వీటికి తోడు, తల్లి ఆస్తి పంపకంలో మిమ్మల్ని మోసం చేసిన అక్కను క్షమించి తీరాలా అన్నది మూడో చిక్కు. ఇందులో ఏది నిజంగా నా సిలువ, ఏది కాదు అన్నది మీరు అడిగిన సంగతి.

నేను ముప్పై ఒక్క ఏళ్లు లెక్కల విభాగంలో పనిచేసినవాణ్ణి. అందులో ఇరవై ఏళ్లకు పైగా సంఘంలో పెద్దగా ఉంటూ, బాప్తిస్మానికి సిద్ధపడేవారికి పాఠాలు చెప్పాను. ఆ రెండు పనులూ కలిసి నాకు నేర్పినది ఒక్కటే ఉంది కాబట్టి దాన్నే మీ ముందు పెడతాను. క్రీస్తును వెంబడించడానికి వెల ఉంది, అది నిజమైన వెల, కొన్నిసార్లు పెద్ద వెల. అయితే అది వెంబడించేవారి సొంత చేతినుంచి పోవాలి. ఇంకొకరి జేబులోంచి తీసి దేవునికిచ్చి, దానికి సిలువ అని పేరు పెట్టడం మన మధ్య చాలా ఎక్కువగా జరుగుతోంది. మీ భర్త అడిగిన ప్రశ్నను మీ పెద్దలు శోధనగా చూస్తున్నట్టున్నారు. నాకు మాత్రం మీరు రాసిన దానంతటిలో అదే అన్నింటికన్నా మంచి ప్రశ్నగా కనబడింది.

ముందు ఆ వెల ఎంతో చూద్దాం, ఎందుకంటే దాన్ని తగ్గించి చెప్పడం నా ఉద్దేశం కాదు. లూకా సువార్త పద్నాలుగో అధ్యాయంలో యేసు వెంట బహు జనసమూహం నడుస్తోంది. మామూలుగా నాయకుడన్నవాడు అలాంటప్పుడు జనాన్ని మరింత ఉత్సాహపరుస్తాడు. ఆయన మాత్రం వెనక్కి తిరిగి, గోపురం కట్టించాలనుకున్నవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోడా అని అడిగాడు. మన పాత అనువాదంలో అక్కడ "తగులుబడి" అన్న చక్కటి మాట ఉంది. ఇప్పుడు వాడుకలో దాదాపు పోయింది, ఖర్చు అని అర్థం. గ్రీకు మూలంలో లెక్కపెట్టడానికి వాడిన క్రియ గులకరాయి అనే మాట నుంచి పుట్టింది, అంటే రాళ్లు ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ లెక్కపెట్టడం. ఉద్రేకంలో ఎవరూ రాళ్లు జరపలేరు, కూర్చోవాలి, నెమ్మదించాలి. అదే అధ్యాయంలో ఆయన "నా శిష్యుడు కానేరడు" అని మూడుసార్లు అన్నాడు: ఇంటివారిని, తన ప్రాణాన్ని సైతం ద్వేషించనివాడు, సిలువ మోయనివాడు, తనకున్నదంతా విడిచిపెట్టనివాడు.

ఆ మూడోదాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. "విడిచిపెట్టడం" అని మనం చదివే గ్రీకు క్రియకు మామూలు అర్థం సెలవు తీసుకోవడం. అదే క్రియ లూకా తొమ్మిదో అధ్యాయం చివర, "నా ఇంటివారి దగ్గర సెలవు తీసుకొని వస్తాను" అన్న మనిషి నోట ఉంది. కాబట్టి ఆస్తికి సెలవు చెప్పడమంటే, అది మన చేతిలోనే ఉన్నా దానిమీద చివరి మాట మనది కాదని ఒప్పుకోవడం. ధనవంతుడైన యువకునితో అంతా అమ్మమన్నాడు. జక్కయ్య సగం బీదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నప్పుడు, మిగిలిన సగం సంగతేమిటని ఆయన అడగలేదు. లూకా ఎనిమిదో అధ్యాయంలోని స్త్రీలు తమకు కలిగినదానితో ఆయనకూ శిష్యులకూ ఉపచారం చేస్తూ వచ్చారు. అంటే వారి ఆస్తి వారి చేతిలోనే ఉంది, పనిమాత్రం మారింది. దయ్యాల పీడ వదిలిన గెరాసేనుల దేశస్థుడైతే వెంట వస్తానని బతిమాలుకున్నా, ఆయన ఒప్పుకోక, ఇంటికి వెళ్లి నీ వారికి చెప్పు అన్నాడు. ఒకే గురువు, నాలుగు వేర్వేరు బిల్లులు. అందుకే, అందరికీ ఒకే రేటు కట్టే బోధకుణ్ణి నేను అనుమానంగానే చూస్తాను.

ఇక ఆఫీసు సంగతి. ఇక్కడ నా సొంత కథ చెప్పకుండా ఉండలేను, అందులో నా గొప్ప ఏమీ లేదు కాబట్టి.

నాకు ముప్పై నాలుగేళ్ల వయసులో, సంవత్సరాంతపు లెక్కలు మూసే వారం, ఇంకా చేరని సరుకు చేరినట్టు రిజిస్టరులో సంతకం పెట్టమన్నారు. వారం తిరక్కుండా వచ్చేస్తుంది, కాగితం కోసమేగా అన్నారు. పెట్టాను. ఆ ఆదివారం బాప్తిస్మపు తరగతిలో ఏడుగురు కూర్చుని ఉండగా ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయం చెబుతున్నాను, అబద్ధమాడుట మాని పొరుగువానితో సత్యమే మాట్లాడమన్న చోట. ఒక కుర్రవాడు చెయ్యెత్తి, "ఉద్యోగంలో ఇది కుదురుతుందాండీ?" అని అడిగాడు. కుదురుతుందన్నాను. రెండో అబద్ధం అది.

సోమవారం ఉదయం రిజిస్టరు తెరిచి, నా సంతకం మీద గీత కొట్టి, కింద "సరుకు ఈ తేదీన అందలేదు, పై సంతకం పొరపాటు" అని రాశాను. రాసి కలం మూత పెట్టబోతుంటే చూపు ఆ చివరి మాట మీద నిలిచింది. అది పొరపాటు కాదు, తెలిసి చేశాను. ఆ మాట కూడా కొట్టేసి "తప్పు" అని రాశాను. ఆ పేజీ ఎంత అసహ్యంగా తయారైందంటే, లెక్కలు చూసేవారెవరైనా ఆగి చదవకుండా ముందుకు పోలేరు. పైఅధికారి దాన్ని చూసి కోప్పడలేదు. రిజిస్టరు మూసి, దాని అంచులు బల్లకు సమానంగా సర్ది, "మీరు నిదానస్తులు, మీకు నిదానమైన పని ఇస్తాను" అన్నారు. తర్వాత ఐదేళ్లు పాత ఫైళ్ల గదిలో ఉన్నాను. నాకన్నా వెనుక చేరినవారు నాకు పైన కూర్చున్నారు.

ఈ కథను సాక్ష్యంగా చెప్పేటప్పుడు చాలా ఏళ్లపాటు నేను ఇక్కడితో ఆపేసేవాణ్ణి. నిజానికి కథ ఇక్కడ సగమే అయింది. నేను చేసిన పని నా భార్యకు చెప్పలేదు. నెల తర్వాత నా సహోద్యోగి భార్య ద్వారా ఆమెకు తెలిసింది. ఆమె విశ్వాసి, నాకన్నా ముందునుంచీ విశ్వాసి. అయినా ఆ రాత్రి ఆమె అన్న మాట ఇది: "మీరు చేసింది తప్పనడం లేదు. నన్ను అడగకుండా నా పేరుమీద చందా రాసిచ్చారు, అదే నాకు కష్టంగా ఉంది." నాకు జవాబు దొరకలేదు. ఆ ఐదేళ్లలో వాయిదా పడిన వైద్యం ఆమెది. కుదించుకున్న చదువు మా పెద్దబ్బాయిది. నేను కోల్పోయింది ఒక కుర్చీ. సాక్ష్యం చెప్పింది మాత్రం నేను.

ఆమె అడిగి ఉంటే వద్దనేది కాదని నాకు తెలుసు. అడగకపోవడం వల్ల, ఆమె స్వయంగా ఇవ్వగలిగిన దాన్ని నేను ఆమె దగ్గర లాక్కున్నాను. దావీదు కథలో ఇది స్పష్టంగా ఉంది. సమూయేలు రెండో గ్రంథం చివర అరౌనా అనే అతను తన కళ్లాన్ని, ఎద్దులను, కట్టెల కోసం నూర్పిడి సామానును కూడా రాజుకు ఉచితంగా ఇస్తానంటాడు. రాజు ఒప్పుకోలేదు. వెల ఇవ్వకుండా తీసుకున్నదాన్ని దేవునికి బలిగా అర్పించనని చెప్పి, యాభై తులముల వెండి తూచి ఇచ్చాడు. ఆ వాక్యాన్ని కానుకలు పట్టే సమయంలో తరచూ చదువుతారు. అక్కడ దావీదు కాదన్నది తక్కువ ఇవ్వడాన్ని కాదు, వేరొకరి సొత్తుతో తన భక్తిని నడపడాన్ని.

యేసు దీన్ని మరింత గట్టిగా అన్నాడు. మార్కు ఏడో అధ్యాయంలో కొర్బాను అనే ఆచారం గురించి ఉంది: తల్లిదండ్రులకు చెందవలసిన సహాయాన్ని "ఇది దేవార్పితం" అని ప్రకటిస్తే, ఇక వారికి ఏమీ చేయనక్కరలేదు. చూడటానికి ఎంత భక్తి! ఆయన దాన్ని దేవుని వాక్యాన్ని నిరర్థకం చేయడమన్నాడు. తండ్రిని, తల్లిని ద్వేషించమన్న నోరే ఈ మాటా అన్నది. అందువల్ల ఆ "ద్వేషించడం" ఇంటివారిని గాలికి వదిలేయడం కానేకాదు. మత్తయి అదే బోధను "నాకంటె ఎక్కువగా ప్రేమించువాడు" అని రాశాడు, అర్థం అదే. ఇంటివారు ఒక వైపు, సత్యం ఒక వైపు లాగినప్పుడు ఎటు కదలాలో ముందే తేల్చుకోవాలన్నది ఆయన మాట. అది తేల్చుకున్నాక, ఆ కదలిక వల్ల ఇంట్లో ఎవరికి ఏం పోతుందో చూసుకోవలసిన బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. స్వకీయులను, ముఖ్యంగా తన యింటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది.

కాబట్టి నివేదిక విషయంలో మీరు చేసింది సరైనదే. చేయని తనిఖీని చేశానని రాయడానికి ఏ ఇంటి అవసరమూ చాలదు, అందులోనూ ఆ తనిఖీ మీద ఆధారపడి ఎవరో ఒకరి క్షేమం ఉంటుంది. కానీ "రాయను" అనడంతో మీ పని అయిపోలేదు. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయాన్ని మళ్లీ ఒకసారి చదవండి. రాజు భోజనం తినకూడదని దానియేలు నిశ్చయించుకున్నాడు; నపుంసకుల యధిపతి, మీ ముఖాలు చిన్నబోయి కనబడితే రాజు దగ్గర నా తలకు ముప్పు వస్తుందన్నాడు. తన నిష్ఠకు వేరొకరి తల పోయే అవకాశం ఉందని వినగానే దానియేలు నిశ్చయం మార్చుకోలేదు, అలాగని నీ తల నీ ఖర్మ అనలేదు. పది రోజులు పరీక్షించి చూడమని, ఆ అధిపతి తమమీద నియమించిన అధికారిని అడిగాడు. గడువు చిన్నది, ఫలితం అందరికీ కనబడేది, ఎదుటివాడు తప్పించుకోగలిగే దారి ఉన్నది. మీ చేతిలోనూ అలాంటి దారి ఉండవచ్చు. ఆ మిగిలిపోయిన తనిఖీలను నిజంగానే చేసిపెడతానని, ఎన్ని రోజులు పడుతుందో కాగితం మీద చూపించి అడగండి. అధికారి కాదంటే అనవచ్చు. అయితే అప్పుడు మీరు మోసేది మీ నిష్ఠకు వెలే అవుతుంది, మీ బిగుసుకుపోయిన స్వభావానికి కాదు.

ఈ తేడా మనవాళ్లకు చెప్పడం చాలా కష్టం. పేతురు మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో క్రైస్తవుడిగా బాధపడితే సిగ్గుపడవద్దని చెప్పే ముందు, ఎలాంటి బాధలు ఈ లెక్కలోకి రావో ఒక వరుస ఉంది: నరహంతకుడు, దొంగ, దుర్మార్గుడు, చివరిగా పరులజోలికి పోవువాడు. నరహంతకుడి పక్కన ఆ చివరివాణ్ణి చూసినప్పుడు నాకు ఎప్పుడూ కొంచెం నవ్వు వస్తుంది, పేతురుకు సంఘాలు బాగా తెలుసు. ఆఫీసులో అందరి తప్పులూ పట్టుకుంటూ, పని సమయంలో వాక్యం చెబుతూ, తన పని సగంలో వదిలి, ఆ తర్వాత దూరం పెట్టినప్పుడు హింస అని చెప్పుకొనేవారిని నేను పాతిక మందినైనా చూశాను. వారు పడిన బాధ నిజం. దాని పేరు మాత్రం వేరు. మీరు రాసిన తీరులో నాకు అది కనబడలేదు. అయినా ఈ పరీక్ష ప్రతివారూ తమకు తాము పెట్టుకోవలసిందే, నేను సైతం.

వారానికి నాలుగు సాయంత్రాల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది అంత లోతైన విషయం కాదు. కూటాలకు వెళ్లడం మంచిది. నాలుగు సాయంత్రాలు వెళ్లమన్న ఆజ్ఞ లేఖనాల్లో ఎక్కడా లేదు. భర్త విశ్వాసి కాకపోయినా భార్యతో కాపురం చేయడానికి ఇష్టపడితే ఆమె ఆయన్ను విడువకూడదని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో పౌలు చెబుతాడు. విడువకుండా ఉండటమంటే ఒకే ఇంటి చిరునామా పంచుకోవడం మాత్రమే అని ఆయన అనుకొని ఉండడు. మీ సాయంత్రాల్లో మీ భర్తకు వాటా ఉంది. పెద్దలు ఆ వాటాను ఆయన్ను అడగకుండా తీసుకొని, ఆయన చిరాకుపడితే ఆ చిరాకును మీ సిలువగా మీకే తిరిగి ఇస్తున్నారు. మీరు ఒక సాయంత్రం ఎంచుకోండి, ఏది ఎంచుకోవాలో ఆయన్నే అడగండి, మిగతా మూడు ఇంట్లో ఉండండి. పెద్దలు చల్లారిపోయావంటే ఆ మాట పడండి. ఆ మాట పడటం మీ చేతినుంచి పోయే వెల. నిజానికి మీలాంటివారికి కూటానికి వెళ్లడం కన్నా అదే ఖరీదైనది. నేనూ పెద్దగా ఉన్నవాణ్ణే, ఎదుటివారి సాయంత్రాలను ధారాళంగా ఖర్చుపెట్టినవాణ్ణే; అందుకని వారిమీద కోపం పెట్టుకోవద్దని కూడా చెబుతున్నాను.

మీ అక్కగారి విషయానికి వస్తే, ఇక్కడ నేను నెమ్మదిగా నడవాలి. మిగతా రెంటిలో మీరు నష్టపోయింది బయటివారి చేతిలో. ఇక్కడ ఒకే కడుపున పుట్టినవారి చేతిలో.

క్షమాపణ గురించి మన ప్రసంగాల్లో వినబడే పెద్ద పొరపాటు, జరిగిన నష్టాన్ని చిన్నదిగా చూపించడం. "పోనీలే అమ్మా, ఎంత గనుక" అంటారు. యేసు అలా అనలేదు. మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలోని ఉపమానంలో దాసుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. తోటి దాసుడు అతనికి నూరు దేనారములు బాకీ. తలాంతు ఒక్కటీ సుమారు ఆరువేల దేనారములు కాబట్టి, రెండు అప్పుల మధ్య తేడా ఆరు లక్షల రెట్లు. అందరూ ఈ తేడానే చెబుతారు, సరే. నాకు ముఖ్యంగా అనిపించేది రెండో అంకె. దేనారము ఒక కూలివాని దినకూలి. నూరు దేనారములంటే మూడు నెలలకు పైగా చెమటోడ్చిన సంపాదన. దాన్ని ఎవరూ చిల్లర అనరు. మీకు జరిగిన నష్టం నూరు దేనారములది. ప్రభువు దాన్ని చిల్లరగా ఎంచడం లేదు. అంతటి దాన్ని వదులుకోమంటున్నాడు, అది వేరు సంగతి.

లెక్కలు రాసినవాడిగా నాకు తెలిసిన మరో విషయం, రద్దు చేసిన బాకీ గాలిలో కలిసిపోదు. పుస్తకంలో ఎక్కడో ఒకచోట నష్టంగా ఎక్కుతుంది. ఎవరో ఒకరు దాన్ని భరిస్తారు. పౌలు ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరంలో, అతని దాసుడైన ఒనేసిము గురించి, అతను నీకు ఏదైనా నష్టం చేసి ఉంటే, బాకీపడి ఉంటే, "అది నా లెక్కలో చేర్చుము" అన్నాడు. ఆ తర్వాత, నేనే తీరుస్తానని నా స్వహస్తంతో రాస్తున్నానన్నాడు. అంటే చేతివ్రాత ప్రోనోటు. ఆయన ఫిలేమోనుతో నీకు నష్టమేమీ లేదులే అనలేదు. నష్టం ఉంది, దాన్ని నా పేరున రాయమన్నాడు. వెల సొంత చేతినుంచి పోవడమంటే ఏమిటో ఇంతకన్నా మంచి నమూనా నాకు తెలియదు. మీ అక్కగారిని క్షమించడమంటే, ఆమె బాకీని ఆమె పేరునుంచి తీసి మీ పేరున రాసుకోవడం. కాబట్టి అది బాధిస్తుంది, బాధించాలి కూడా. బాధించని క్షమాపణలో బహుశా ఇంకా లెక్క చూడలేదు.

నేను మా తమ్ముడితో ఇలాంటి సందర్భంలో బాకీదారు వైపు ఉన్నాను. తప్పు నాది. వాడి ఇంటికి వెళ్లి గుమ్మంలో నిలబడి చెప్పవలసింది చెప్పాను. వాడు మంచం మీద ఆరిన బట్టలు మడతపెడుతున్నాడు. నేను మాట్లాడుతున్నంతసేపూ ఒకే చొక్కాను మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. చివరికి దాన్ని పక్కన పెట్టి, "లోపలికి రా" అన్నాడు, అంతే. ఆ రెండు మాటలకు వాడు ఎంత చెల్లించాడో నాకు తెలుసు, ఎందుకంటే ఆ అంకె నేను కాజేసినదే. ఆ తర్వాత మళ్లీ డబ్బు వ్యవహారం నాతో పెట్టుకోవడానికి వాడికి తొమ్మిదేళ్లు పట్టింది. నేను దాన్ని క్షమించకపోవడం అనుకోలేదు. క్షమించడం ఒక్క రోజులో చేయగలిగిన పని, నమ్మకం అవతలివారు మళ్లీ సంపాదించుకోవలసిన సొమ్ము. మీ అక్కగారిని క్షమించి కూడా, తర్వాతి పంపకంలో కాగితాలు చదవకుండా సంతకం చేయకుండా ఉండవచ్చు. నీ సహోదరుడు తప్పుచేస్తే గద్దించమన్న మాట, క్షమించమన్న మాట లూకా పదిహేడో అధ్యాయంలో ఒకే వచనంలో ఉన్నాయి. అయితే ఒక హెచ్చరిక: మీ పిల్లలకు న్యాయంగా రావలసిన వాటా కూడా అందులో ఉంటే, దాన్ని వదులుకొనే హక్కు మీ ఒక్కరిదే కాదు. మళ్లీ అదే మాట, చెల్లించేది ఎవరన్నది చూడండి.

ఇదంతా చదివి, సిలువ అంటే ఇంత చిన్న చిన్న సంగతులా అని మీకు అనిపించవచ్చు. వెల గురించి మాట్లాడినప్పుడల్లా మన వేదికల మీద, హిట్లర్‌ను ఎదిరించిన జర్మన్ పాస్టరు బోన్‌హోఫర్ పేరు వినబడుతుంది. 1939లో న్యూయార్క్‌లో క్షేమంగా ఉండగలిగి కూడా వారాల్లోనే జర్మనీకి తిరిగి వెళ్లాడు, 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ నిర్బంధ శిబిరంలో ఉరితీశారు. ఆ మరణం ముందు తల వంచవలసిందే. కానీ నేను నా తరగతుల్లో చెప్పేది అంతకు కొన్నేళ్ల ముందు సంగతి. 1935 నుంచి 1937లో నాజీల రహస్య పోలీసులైన గెస్టపో మూయించేదాకా ఫింకెన్‌వాల్డేలో ఆయన కాపరులకు శిక్షణ ఇచ్చాడు. అక్కడ ఆయన పెట్టిన నియమాల్లో ఒకటి, సహోదరుడు లేనిచోట అతని గురించి మాట్లాడకూడదు; ఒకవేళ మాట్లాడితే, ఆ సంగతి అతనికి వెళ్లి చెప్పాలి. ఆ నియమం వారికి తరచూ తప్పిపోయేదట. ఒక్క వారం ప్రయత్నించి చూడండి, నేను మూడో రోజు దాటలేదు. ఉరికంబం ఎప్పుడో ఒకసారి, ఎవరికో ఒకరికి వస్తుంది. నాలుక రోజూ ఉంటుంది. మత్తయి, మార్కు రాసిన సిలువ మాటలో లేనిది లూకా ఒక్కడే చేర్చిన పదం "ప్రతిదినము". ఎప్పుడొస్తాయో తెలియని పెద్ద త్యాగాల కోసం ఎదురుచూస్తూ, ఇవాళ కట్టవలసిన చిన్న బిల్లును ఎగ్గొట్టడం మనకు చాలా సులభం.

తిరిగి ఏమైనా వస్తుందా అని మీరు అడగలేదు, కానీ మీ భర్త అడుగుతారు. పేతురు అడిగాడు కూడా. మార్కు పదో అధ్యాయంలో జవాబు ఉంది: ఇళ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లులు, పిల్లలు, భూములు నూరంతలుగా, "హింసలతోపాటు". ఆ చివరి మాటను దాటవేసి ఆశీర్వాదాల మీద ప్రసంగం చేసేవారిని నమ్మకండి. ఇంకొకటి గమనించండి. విడిచిపెట్టిన జాబితాలో తండ్రి ఉన్నాడు, తిరిగి వచ్చే జాబితాలో తండ్రి లేడు. ఆ స్థానం దేవునిదే కాబట్టి అని చాలామంది వివరిస్తారు, నాకూ అది సరిగానే అనిపిస్తుంది. కానీ కన్నతండ్రి నిజంగా మాట్లాడటం మానేసిన ఒక యువకుడు నా తరగతిలో ఆ వచనం దగ్గర లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆ వివరణ ఇచ్చే ముందు నేను కొంచెంసేపు ఆగుతాను.

ఇక మీరు వెంటనే చేయవలసినది. సోమవారం అధికారి దగ్గరికి వెళ్లే ముందు, ఆదివారం సాయంత్రం మీ భర్తతో కూర్చోండి. మీ నమ్మకాన్ని ఆయనకు నేర్పడానికి కాదు, లెక్క చూడడానికి. ఆగిపోయిన జీతపు పెంపు వల్ల ఇంట్లో ఏ ఖర్చు ఆగుతుందో, అది ఎవరిదో, ఒక కాగితం మీద ఇద్దరూ రాయండి. అందులో మీ సొంత అవసరాల నుంచి ముందు కోయగలిగినవి ఏమిటో మీరే చూపించండి, ఆయనవీ పిల్లలవీ చివరికి ఉంచండి. అబద్ధపు నివేదిక రాయలేనన్నది మారదని నేరుగా చెప్పండి. మిగిలినదంతా ఆయనతో కలిసే నిర్ణయిస్తానని చెప్పండి. ఆయన కోప్పడవచ్చు, ఏమీ అనకుండా లేచిపోవచ్చు. ఆ కాగితం అక్కడే ఉంచి, మరునాడు మిగిలిపోయిన తనిఖీల జాబితా తేదీలతో సహా తయారుచేసుకొని ఆఫీసుకు వెళ్లండి. నకలు ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. మీ భర్త ఏమన్నారో వీలైతే నాకు రాయండి. మా ఆవిడ కూడా అడుగుతోంది.